గట్టి మాట

"పాస్‌వర్డ్ ఎందుకు మార్చావే? పొద్దుటినుంచీ నా ఫోన్‌కి నెట్ లేదు!"

వెనక వాటాలో ఉండే అత్తగారు బ్లాసిదా గుమ్మంలోనే నిలదీసేసరికి నీమియా చేతిలోని తెరెరే, చల్లటి ఆకుల తేనీరు, తొణికి నేలమీద ఒలికింది.

"పక్కింటివాళ్ళు మన నెట్ వాడేసుకుంటున్నారత్తయ్యా. అందుకని..."

"మంచి పని చేశావు. కొత్తది చెప్పు, ఫోన్‌లో కొట్టుకుంటాను. నాలుగింటికి నా లేసు అల్లిక పాఠం. ఇరవైమంది ఫోన్లు పట్టుకుని కూచునుంటారు."

గడియారంలో నాలుగుకి పది నిమిషాలుంది.

పాత పాస్‌వర్డ్ 'నీమియా123'. ఎంత గట్టిదో చూద్దామని నిన్న ఫోన్‌లో పరీక్షిస్తే, 'ఒక్క సెకనులో విరుగుతుంది' అని వచ్చింది. మొగుడు డెర్లిస్ పడీపడీ నవ్వాడు. "పొడుగాటి వాక్యం పెట్టు. నువ్వు చచ్చినా మరిచిపోనిది, ఊళ్ళో ఎవడూ ఊహించలేనిది" అని సలహా ఇచ్చాడు. అప్పటికే అత్తగారు పంపిన సోపా, అదే మొక్కజొన్న రొట్టె, కోయబోయి కత్తి వంకరైన కోపంలో ఉంది నీమియా. వాక్యం కోసం వెతుక్కునే పనే లేకపోయింది. 'మా అత్త సోపా కోయాలంటే రంపం కావాలి 7' అని కొట్టింది. 'వెయ్యేళ్ళయినా విరగదు' అని పచ్చటి అక్షరాలు మెరిశాయి. మొగుడూ పెళ్ళాం కడుపు పట్టుకుని నవ్వుకున్నారు.

ఇప్పుడు ఆ అత్తే ఎదురుగా నిలబడి ఉంది.

"ఫోన్ ఇలా ఇవ్వండత్తయ్యా, నేనే కొట్టి పెడతాను."

"నా వేళ్ళకేం రోగం? నువ్వు చెప్పు."

"చాలా పొడుగండీ."

"ముప్ఫై ఏళ్ళు బళ్ళో డిక్టేషన్ చెప్పినదాన్ని. పొడుగంటే నాకు భయమా? ఊఁ, కానీ."

"మ..."

"మ?"

"మర్చిపోయాను."

"నిన్న పెట్టింది ఇవాళ మర్చిపోయావా? ఉండు, మావాణ్ణి అడుగుతా."

ఆవిడ అసున్సియోన్‌లో పనిలో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. "ఒరేయ్, ఇంట్లో పాస్‌వర్డ్ ఏమిట్రా?"

"అమ్మా, ఇక్కడ సిగ్నల్ లేదు. నువ్వు అడిగిన పాస్‌వర్డ్ గురించి నాకేమీ వినపడటం లేదు" అని కట్ చేశాడు పిరికిపంద.

బ్లాసిదా నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇద్దరూ కలిసి నా దగ్గర ఏదో దాస్తున్నారు. నాలుగుకి రెండు నిమిషాలే ఉంది. చెబుతావా, ఆ ఇరవైమందికీ మా కోడలు నెట్ ఇవ్వలేదని చెప్పనా?"

ఇక తప్పేట్టు లేదు. నీమియా కాగితం మీద రాసి, ఆవిడకిచ్చి, మొహం గోడవైపు తిప్పుకుంది. పెళ్ళయి మూడేళ్ళుగా కూడబెట్టుకున్న మంచిపేరు గంగపాలు. ఈ రాత్రికే పెట్టె సర్దుకోమంటుందేమో!

బ్లాసిదా కళ్ళజోడు పెట్టుకుని, పాఠం చదివినట్టు ఒక్కొక్క మాటే పైకి చదివింది. 'రంపం' దగ్గర ఆగింది. మళ్ళీ మొదటినుంచీ చదివింది.

"ఇది గట్టి పాస్‌వర్డ్ అని నీకెవరు చెప్పారే?"

"ఫో... ఫోనే చెప్పిందత్తయ్యా. విరగ్గొట్టాలంటే వెయ్యేళ్ళు పడుతుందట."

"దానికేం తెలుసు, అదెప్పుడైనా నా సోపా తిన్నదా? తక్షణం మార్చెయ్. ఈ వీధిలో ఎవడైనా మొట్టమొదట కొట్టి చూసేది ఇదే!"