ఖాళీ సీట్ల కారు

"నా కారు టాక్సీ కాదమ్మా!"

కతురాము అద్దం సగం ఎత్తేసుకున్నాడు. కంపాలా శివార్లలోని కిరా మలుపులో కార్ల వరస అంగుళం కదలడం లేదు. చినుకుల్లో తడుస్తూ నస్సూన ఆ అద్దం మీద మళ్లీ కొట్టింది.

"మీ వీధే మాది సార్. మీరూ కంపాలాకే, నేనూ కంపాలాకే. నేను కూర్చుంటే సీట్లు అరిగిపోతాయా?"

నస్సూన నర్సు. టాక్సీలు దొరక్క ఆ నెలలో నాలుగుసార్లు ఆలస్యమైంది. ఐదోసారైతే ఉద్యోగం మరిచిపొమ్మంది పెద్దనర్సు. కారుకొక్క మనిషి చొప్పున బయల్దేరి, అందరూ అందరికీ అడ్డం పడుతున్నారని ఆమె గోల. కలిసి వెళ్దామని ఇంటింటికీ తిరిగి చెప్పింది. ఒకరిద్దరు సరేనన్నారు గానీ వాళ్ల దారులు వేరు. ఆసుపత్రి వైపు పోయేది కతురాము ఒక్కడే.

ఆయన రెండేళ్ల కిందట ఆ వీధిలో దిగాడు. ఒంటరివాడు. సర్వే ఆఫీసులో పెద్ద ఉద్యోగట. మడత నలగని కోటు, టై. ఠంచనుగా ఆరున్నరకు కారు గేటు దాటాల్సిందే.

"ఎక్కడ దిగుతావు?" చివరికి అడిగాడాయన.

"ఆసుపత్రి దగ్గర."

"మా ఆఫీసు దాకా రావుగా?"

"అక్కడ నాకేం పని సార్?"

తలుపు తెరుచుకుంది.

మర్నాడు నస్సూన బయటికొచ్చేసరికి కారు ఆమె గుమ్మం ముందే ఉంది. "ఐదు నిమిషాలు లేటు!" అని కసిరాడు. వారం తిరగ్గానే బ్యాంకు గుమస్తా ఒడోచ్ ఎక్కాడు. తర్వాత కొబుసింగె టీచర్, ఒడినిండా కాల్చిన అరటిపండ్లతో.

"టీచరమ్మా, నా సీటంతా జిడ్డు!"

"ముందు తినండి, తర్వాత తిట్టండి."

తిన్నాడు. ఇంకోటి అడిగాడు. ఫుట్‌బాల్ మీద ఒడోచ్‌తో గొంతు చించుకున్నాడు. అందరినీ దించాకే ఆఫీసు వైపు కారు తిప్పేవాడు. సాయంత్రం ఐదింటికల్లా మళ్లీ ఆసుపత్రి ముందు ప్రత్యక్షం.

"రేపు సెలవు కదా సార్. నాకేమో డ్యూటీ" అంది నస్సూన ఒకసారి.

"నాకూ ఆఫీసులో పనుందిలే. ఆరున్నరకు తయారుగా ఉండు."

ఆ కారును చూసి వీధిలో మరో ఐదు కార్లు నిండాయి. నస్సూన మళ్లీ ఆలస్యం కాలేదు. ఆ ఏడాది చివర పెద్దనర్సు కుర్చీ ఆమెకే దక్కింది.

"ఇదంతా ఆ ముసలాయన చలవే. ఆఫీసుకే వెళ్లి, అందరి ముందూ థాంక్స్ చెబుదాం" అన్నాడు ఒడోచ్.

మధ్యాహ్నం భోజనాల వేళ ముగ్గురూ కేకు పట్టుకుని సర్వే ఆఫీసుకు వెళ్లారు. గేటు దగ్గర నెరిసిన గడ్డం వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు.

"కతురాము సార్ కోసం వచ్చాం. ఏ గది?" అడిగింది నస్సూన.

ఆ పేరు వినగానే వాచ్‌మన్ మొహం విప్పారింది.

"బాగున్నారా ఆయన? బంగారంలాంటి మనిషి!" అన్నాడు.

అంతలోనే ముగ్గురినీ, కేకునూ వింతగా చూశాడు.

"ఆయన రిటైరై మూడేళ్లయిందమ్మా."