పాత గొట్టం

తప్పులుంటే సర్దుకుని చదవండి. అరవయ్యో ఏట అక్షరాలు దిద్దినదాన్ని, నా చెయ్యి నెమ్మది.

మా ఫ్యాక్టరీలో జీడిగింజలు ఉడికించిన నీళ్లను శుద్ధి చేసి తోటకు వదులుతారు. చేయకపోతే మొక్కలు మాడిపోతాయి. తొట్టి దగ్గర మా ఆయన, తోట చివర వాల్వు దగ్గర నేను ఉండేవాళ్లం. నీళ్లు బాగుంటే ఆయన ఇనప గొట్టం మీద పానాతో మూడు దెబ్బలు కొట్టేవాడు, బాగాలేకపోతే ఒకటి. విన్నానని నేను తిరిగి ఒకటి కొట్టేదాన్ని.

నాలుగేళ్ల కిందట ఒక రాత్రి ఆయన చెప్పులు తొట్టి గట్టు మీద దొరికాయి, మనిషి దొరకలేదు. ఫ్యాక్టరీ పెంచే తొందరలో మర్నాడే ఆ తొట్టిని మట్టితో పూడ్చేశారు. ఇప్పుడు కొత్త తొట్టి, కొత్త గొట్టం. బోర్డు మీద 'శుద్ధి అయింది' అని వెలిగితే వాల్వు తిప్పాలి. అది చదవడానికే నేను అక్షరాలు నేర్చుకున్నాను.

నిన్న రాత్రి బోర్డు వెలిగింది. వాల్వు మీద చెయ్యి వేయగానే, పక్కనున్న పాత గొట్టంలో ఒక్క దెబ్బ వినిపించింది.

తొట్టి డ్యూటీలో ఉన్న అల్లుడికి ఫోన్ చేశాను.

"పాత గొట్టం మీద కొట్టావా నాయనా?"

"దాని అవతలి కొస మట్టిలో ఉంది కదా అత్తయ్యా! నిద్రమత్తా? తిప్పండి, మొక్కలు ఎండితే సారు నన్ను నమిలేస్తాడు."

"నీళ్లు చూశావా?"

"బోర్డు చూశాను. మీరూ చదివారుగా, పంతులమ్మగారూ!"

తిప్పలేదు. గొట్టానికి చెవి ఆనించాను. మళ్లీ ఒక్క దెబ్బ. అలవాటుగా రాయి తీసుకుని తిరిగి ఒకటి కొట్టాను.

కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత అవతల నుంచి దెబ్బలు మొదలయ్యాయి, ఆగకుండా, లెక్క లేకుండా.

వాల్వత్త (ఫ్యాక్టరీలో అందరూ నన్ను పిలిచే పేరు), అరవై మూడేళ్లు. ఇప్పుడు ఉండేది తోట చివరి గదిలో, ఆ గొట్టం పక్కనే.