తీసేసిన పాట

"నా పాట ఏదే? తీసీసినావు కదూ?"

ప్రసూనాంబ నిలదీసేసరికి ఆమని కంప్యూటర్ మీంచి తలెత్తింది. అత్తగారి ఫోనులో ఉన్న పాటలనూ, మావగారి ఫోనులో ఉన్న పాటలనూ ఒకేచోట చేర్చే పనిలో ఉంది ఆ కొత్తకోడలు.

"కావాలని తియ్యలేదత్తయ్యా. ఒకే పాట రెండు ఫోన్లలోనూ ఉంటే ఒక్కటే ఉంచమని ప్రోగ్రాం రాసాను."

"ఓహో! పేరు ఒకటేనని ఆయన వయొలిన్ ఉంచి నా గొంతు పారీసినావన్నమాట. ఆయనే సెప్పుంటారు. ఊళ్లో పిల్లలందరికీ సంగీతం నేర్పిన మనిషి, నేను నోరు విప్పితే లేచి వీధిలోకెళ్లిపోతారు."

"పేరు కాదత్తయ్యా, పాటనే పోల్చి చూస్తాది. రవ్వంత తేడా ఉన్నా రెండూ ఉంచీస్తాది."

ప్రసూనాంబ నమ్మలేదు. "ఏదీ, వినిపించు సూద్దాం."

మావగారి ఫోనులోంచి వచ్చిన పాటను నొక్కింది ఆమని. వయొలిన్ కాదు, ప్రసూనాంబ గొంతే వినబడింది. వంట చేస్తూ పాడి, తన ఫోనులో రికార్డు చేసుకున్న పాట అది. మధ్యలో పోపు చిటపటలు కూడా అలాగే ఉన్నాయి.

"ఇది ఆయన ఫోనులోకి ఎలా వచ్చినాది? నన్ను మంచి చేసుకోడానికి నువ్వే పెట్టినావు!"

"తేదీ చూడండత్తయ్యా. పోయిన వేసవిది. అప్పటికి నేను చీపురుపల్లిలో మా అమ్మ దగ్గరే ఉన్నాను. మీ ఫోనులోంచి మావయ్యే పంపుకున్నారు."

ప్రసూనాంబ ఆ తేదీ వైపు చాలాసేపు చూసింది. పాట మరోసారి పెట్టించుకుని చివరిదాకా వింది.

"పోనీ, రెండూ ఉంచీమంటారా?" అని అడిగింది ఆమని.

"వద్దులే," అంది ప్రసూనాంబ మెల్లగా. "నాది తీసీయి. ఆయన దాచుకున్నది ఉండనీ."