అల్లుడు చూడని మ్యాచ్

అల్లుణ్ణి గదిలో పెట్టి తాళం వెయ్యాలన్న ఆలోచన మొదట బావమరిదికి వచ్చింది. అతను లెక్కల మాస్టారు. ఊరికే ఏదీ అనడు, రుజువు చూపిస్తాడు.

ఆ రోజు ఫుట్‌బాల్ లీగ్‌లో ఆఖరి మ్యాచ్. గెలిస్తే క్లబ్బు పై డివిజన్‌లో బతుకుతుంది. లేకపోతే కింది డివిజన్‌కి పోతుంది. పోవడం ఖాయమని ఊరంతా ఎప్పుడో సర్దుకుపోయింది. మంగలి షాపులో అప్పుడే కింది డివిజన్ జట్ల పేర్లు బట్టీ పడుతున్నారు. "అక్కడ మాత్రం గడ్డి పచ్చగా ఉండదా ఏంటి?" అని అత్త పక్కింటావిడకి ధైర్యం చెప్పింది. చెప్పి, లోపలికొచ్చి భోరుమని ఏడ్చింది.

మామ కుర్చీలూ బల్లలూ చేసే మనిషి. నలభై ఏళ్ళుగా ఆ క్లబ్బంటే పడి చస్తాడు. పెళ్ళయ్యాక అల్లుడు తన ఊరొదిలి వచ్చి మన క్లబ్బు మనిషైపోతే, ఆ సంగతి వీధంతా తిరిగి చెప్పుకున్నాడు.

అక్కణ్ణుంచే పట్టుకుంది దరిద్రం.

"బావ మనింటికొచ్చాక పదిహేను మ్యాచ్‌లు" అంటూ బావమరిది ఓ చెక్క ముక్క మీద పెన్సిల్‌తో రాశాడు. "పద్నాలుగు బావ దగ్గరుండి చూశాడు. పద్నాలుగూ పోయాయి. ఒక్కసారి జ్వరమొచ్చి మంచమెక్కాడు. ఆ రోజే గెలిచాం. మూడు–సున్నా."

మామ ఆ చెక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎటు తిప్పినా లెక్క సరిగ్గానే ఉంది.

అల్లుడి మొహం చిన్నబోయింది. "అదేంటి మామయ్యా! నా చూపులో ఏముంది? మొన్న రెండో గోల్ అసలు నేను చూడనే లేదు. ఎండ పడి కళ్ళు మూసుకున్నాను."

"మరి మొదటిది?"

"చూశాను."

"మూడోది?"

"దాటిపోయాక చూశాను" అన్నాడు అల్లుడు నేలచూపులు చూస్తూ.

"మా ఆయన్ని అంతలేసి మాటలంటారేంటి!" అని కూతురు గయ్‌మంది. "చిన్నప్పట్నుంచీ ఈ క్లబ్బు ఫొటో దిండు కింద పెట్టుకుని పడుకున్న మనిషి!" అంతలోనే మొగుడి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఒక్క రోజే కదండీ."

అల్లుడికి ఏడుపొక్కటే తక్కువ. "ఆఖరి మ్యాచ్ మామయ్యా. నేను లేకుండా ఎలా?"

"నువ్వు లేకుండానే బాబూ" అన్నాడు మామ. "కావాలంటే నీ కాళ్ళు పట్టుకుంటా." అన్నంత పనీ చెయ్యబోయాడు కూడా. అల్లుడు ఒక్క గంతులో వెనక్కి దూకి సరేనన్నాడు.

మామ పని చేసుకునే గదిలో అతన్ని కూర్చోబెట్టారు. కిటికీకి అడ్డంగా ప్లైవుడ్ కొట్టారు. వినడం కూడా చూడ్డం కిందికే వస్తుందని బావమరిది చెవుల్లో దూది కుక్కాడు. రంపప్పొట్టు మీద దుప్పటి పరిచి, అత్త మంచినీళ్ళ చెంబు పెట్టింది. ఎంత చెడ్డా అల్లుడు కదా.

రెండింటికి అల్లుడి మేనేజరు ఫోన్ చేశాడు. మనిషి ఇంకా డ్యూటీకి రాలేదేమని.

"కడుపు పాడైందండీ" అన్నాడు మామ.

"ఈ రోజే పాడవ్వాలా?"

"కడుపు మన మాట వింటుందా సార్? మీ దగ్గర ఇంకో మనిషి ఉన్నాడుగా. ఈ పూటకి సర్దుకోండి."

అట్నుంచి కేకలు మొదలయ్యాయి. మామ ఫోన్ ఆపేసి టీవీ పెట్టాడు.

మొదటి సగంలో ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం ఆ ఇంట్లో అందరికీ కొత్త. రెండో సగంలో మనవాళ్ళు ఒక గోల్ కొట్టారు. మామ సోఫా మీదికెక్కి నిలబడ్డాడు, మళ్ళీ దిగలేదు.

ఎనభై తొమ్మిదో నిమిషంలో అవతలివాళ్ళకి పెనాల్టీ వచ్చింది.

"బావ చూస్తున్నాడు! ఎక్కడో సందు దొరికుంటుంది!" అంటూ బావమరిది పరిగెత్తి గది తలుపు తీశాడు. అల్లుడు గోడ వైపు తిరిగి, రెండు చేతులతో కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడున్నాడు. ఎవరూ అడక్కుండానే. ఎంతసేపటి నుంచి అలా ఉన్నాడో, చెంబులో నీళ్ళు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. బావమరిది చప్పుడు కాకుండా తలుపు వేసి వచ్చాడు.

బంతి ఎడమ పక్కకి దూసుకొచ్చింది. మన గోల్‌కీపర్ ఎగిరి ఒంటిచేత్తో బయటికి నెట్టేశాడు.

ఇల్లు దద్దరిల్లిపోయింది. మామ సోఫా మీంచి అత్త మీద పడ్డాడు. వీధిలో హారన్లు. మంగలి షాపులో సగం గడ్డంతో ఉన్నవాళ్ళు కూడా రోడ్డు మీదికొచ్చి గంతులేశారు. క్లబ్బు బతికిపోయింది!

మామ గదిలోకి వెళ్ళి అల్లుడి చెవుల్లో దూది తనే తీశాడు. "గెలిచాం, నాయనా!"

అల్లుడు నమ్మలేదు. మళ్ళీ చెప్పించుకున్నాడు. తర్వాత మామని వాటేసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "పెనాల్టీ కూడా ఆపాడా? నిజంగా?"

"ఆపాడు బాబూ! అంతా నీ చలవే. వచ్చే సీజన్ కూడా ప్రతి మ్యాచ్‌కీ ఇదే గదిలో కూర్చుంటానని నాకు మాటివ్వాలి" అన్నాడు మామ.

"ప్రతి మ్యాచ్‌కీ ఎలా కుదురుతుంది మామయ్యా, మన క్లబ్బుకి గోల్‌కీపర్‌గా నాకింకా రెండేళ్ళ కాంట్రాక్టుంది!" అన్నాడు అల్లుడు కళ్ళు తుడుచుకుంటూ.