మంద దగ్గర తోడేలు కథ

"సావాలె! గా తోడేలు సావాలె!" అంటూ జానయ్య కర్రతో నేలను పొడిచాడు. చుట్టూ కూర్చున్న గొర్లకాపరులు పదకొండు మందీ చప్పట్లు కొట్టారు.

మొయినుద్దీన్ సారు చేతిలో పుస్తకం అలాగే ఉండిపోయింది. కథలో తల్లి తోడేలు వేటగాళ్ళు తవ్విన గుంతలో పడింది. గుహలో మూడు పిల్లలు ఆకలితో ఎదురుచూస్తున్నాయి. ఈ ఘట్టానికి వచ్చినప్పుడల్లా సారు కళ్ళు తుడుచుకుంటాడు. వీళ్ళకూ కళ్ళు చెమరుస్తాయని ఆశపడి, మర్రిగూడ నుంచి ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. వీళ్ళేమో పెళ్ళికొచ్చినట్టు సంబరపడుతున్నారు. గొర్లు కాసేవాళ్ళ ముందు తోడేలును మెచ్చుకోవడమంటే కొరివితో తల గోక్కోవడమేనని పాపం ఆయనకు అప్పటిదాకా తట్టలేదు.

రాత్రి బడికి రమ్మంటే మందను విడిచి ఎవరూ రారు. అందుకని బడే మంద దగ్గరికి వచ్చింది. మధ్యాహ్నం గొర్లు తుమ్మల నీడన పండుకున్న వేళ పలకలు బయటికి తీస్తారు. వచ్చే సోమవారం పరీక్ష. ఒక్కొక్కరూ ఎవరి సాయమూ లేకుండా సొంతంగా ఒక్క మాటైనా రాయాలి. మర్నాడే మందలు మేతకోసం నందికొండ దిక్కు, కృష్ణ ఒడ్డుకు సాగిపోతాయి. అందరూ రాస్తారన్న ధైర్యం సారుకుంది, ఒక్క జానయ్య విషయంలో తప్ప. అక్షరాలన్నీ నోటికొచ్చు గానీ, పలక పట్టమంటే నవ్వి, వేలిముద్ర చాలన్నట్టు బొటనవేలు చూపిస్తాడు. ఆ పెద్దమనిషి చేత ఒక్క మాట రాయించకపోతే తను నాలుగు నెలలు చెప్పిన చదువూ బూడిదలో పోసిన పన్నీరేనని సారుకు ఒకటే దిగులు.

"ఎందుకు చావాలె జానన్నా? అది తల్లి గదా?"

"నా గొర్రె తల్లి గాదా సారూ? పోయిన సలికాలంల తోడేలు దాని పిల్లనెత్కపోయింది. మూడు రోజులు మేత ముట్టక అరిసింది. దాని మీద ఎవడన్న పుస్తకం రాసిండా?"

సారు పుస్తకాన్ని ముందుకు చాపాడు. "అది గాదు జానన్నా. ఇది ఉట్టి జంతువుల కథ గాదు, మన బతుకు. ఆ తోడేలు ఆకలికి మించి వేటాడదు. గుంపుల కుంటిది ఉంటే విడిచిపెట్టిపోదు. మనుషులు నేర్చుకోవద్దా?"

"ఔ," అన్నది జానయ్య భార్య సాలమ్మ. "మనమైతె కుంటి గొర్రెను సంతకు తోల్తం."

"నువ్వు ఊకోయే! మంద మనది, మాట తోడేలు దిక్కా?" అన్నాడు జానయ్య. మళ్ళీ చప్పట్లు.

సారుకు రోషమొచ్చింది. పుస్తకం టప్పున మూసి సాలమ్మ చేతిలో పెట్టాడు. "కడమ ఆరు పేజీలు నేను చదువ. కావాలంటే మీరే చదువుకోండ్రి," అని సైకిలెక్కాడు.

ఆ తర్వాత తోడేలు ఊసు ఆయన ఎత్తలేదు, వాళ్ళూ ఎత్తలేదు. అయితే ఒకరోజు కాస్త ముందుగా వచ్చేసరికి, సాలమ్మ పెద్దక్షరాల కింద వేలు పెట్టి కూడబలుక్కుంటూ కనిపించింది. నలుగురు చుట్టూ చేరి వింటున్నారు. జానయ్య వీపు అటు తిప్పి కూర్చున్నాడు గానీ చెవులు ఇటే ఉన్నాయి. సారుకు లోలోపల భలే సంతోషమేసింది. ఏమీ చూడనట్టు సైకిలు గంట కొట్టాడు.

సోమవారం పరీక్ష జరిగింది. ఒకరు 'వాన' అని రాశారు, ఇంకొకరు 'గొంగడి' అని. సాలమ్మ 'మూడు పిల్లలు' అని రెండు మాటలు రాసి కొంగుతో చెమట తుడుచుకుంది. జానయ్య మాత్రం పలక ముట్టుకోలేదు.

"ఒక్క మాట రాస్తే నీ సొమ్మేం పోయింది జానన్నా?" సారు బతిమాలాడు.

"రాయాల్సినంత పనుంటె రాస్త గని, ఉట్టిగ ఎందుకు రాస్త సారూ?" అన్నాడు జానయ్య. హాజరు పుస్తకంలో వేలిముద్ర వేసి గొర్ల దిక్కు నడిచాడు.

మంగళవారం పొద్దున్నే సారు మందను సాగనంపడానికి వచ్చాడు. గొర్లు అప్పటికే దుమ్ము లేపుకుంటూ బాట పట్టాయి. అందరికంటే ముందు జానయ్య, గొంగడి భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా పోతున్నాడు. సాలమ్మ ఒక్కతే ఆగి పుస్తకం అందించింది.

"నిన్న పొద్దుగూకాల అయిపోయింది సారూ. తోడేలు గుంతలకెల్లి బయటపడ్డది. పిల్లలు బతికినయ్."

"అయితే జానన్న అలిగిండా?"

"అలగలే. పిల్లలు అరుస్తున్నయ్ అని సదువుతుంటె కండ్లు తుడుసుకున్నడు. బతుకుతె బతకనియ్యి అన్నడు. గని ఆఖరుకు వచ్చినంక ఒక్కటే లొల్లి. గట్లెట్ల బతుకుతది, నేనొప్పుకోనని నా చేతుల పెన్సిలు గుంజుకున్నడు." ఆమె కాస్త భయపడుతూ నవ్వింది. "పుస్తకం కరాబు జేసిండని కోపం జేయకు సారూ."

ఆమె గబగబా మందను కలుసుకుంది. సారు సైకిలును చెట్టుకు ఆనించి ఆఖరు పేజీ తీశాడు.

'తల్లి తోడేలు నోట గొర్రెపిల్లను కరుచుకుని గుహకు చేరింది. ఆ రోజు మూడు పిల్లలూ కడుపునిండా తిన్నాయి' అని ఉంది. అందులో 'గొర్రెపిల్ల'ను కాగితం చిరిగేలా కొట్టేసి, దాని పైన వంకరటింకర అక్షరాలతో జానయ్య రాశాడు: 'కుందేలు'.