రెండో కొస

ఆ పొద్దున ఆకాశం అలిగిన పెద్దమనిషిలా మూతి ముడుచుకుని కూర్చుంది. కురవదు, తొలగదు. దాని కింద అల్లుడు కాలుగాలిన పిల్లిలా వాకిట్లోకీ గుమ్మంలోకీ తిరుగుతున్నాడు.

"పొద్దుగూకి కంచాల ముందు కూర్చునేలోగా పేరు చెప్పాలి," అన్నాడు మామయ్య, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ. "ఇంకా నాన్చకు."

"చెప్తాను మామయ్యా."

"ఎవరి పేరైనా సరే. రేపటి నుంచి ఆ మనిషి కార్ఖానా గేటు దాటడానికి వీల్లేదు. నా మాటంటే మాటే."

మామయ్యది బెంచీలూ బీరువాలూ చేసే చెక్క కార్ఖానా. అల్లుడు అందులో మేనేజరు. ఈ మధ్య ఏ సరుకూ చెప్పిన రోజుకి బయటికి పోవడం లేదు. బడి బెంచీలు చేరేసరికి పిల్లలు నేలమీద కూర్చుని సగం పాఠాలు చదివేశారు. అడిగేవాళ్ళు తగ్గారు. ఒక మనిషిని తగ్గిస్తే తప్ప నిలదొక్కుకోలేమని మామయ్య తేల్చాడు. ఎవరిని అన్నది మాత్రం అల్లుడి నెత్తిన పెట్టాడు. ఊరికే పెట్టలేదు. ఆదివారాలు ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ క్లాసులో చేర్పించి మరీ పెట్టాడు.

ఆ క్లాసులో మీసాలు మొలవనివాళ్ళూ ఉన్నారు, నెరిసినవాళ్ళూ ఉన్నారు. మేడం అందరికీ ఒకటే పాఠం చెప్పింది.

"ఎవరు ఎక్కువ చెమటోడుస్తున్నారని చూడకండి. ఎవరు రాకపోతే ఇంకొకరి పని ఆగుతుందో చూడండి. ప్రతి మనిషి మణికట్టుకీ ఒక దారం కట్టండి. అతని పని ఎప్పుడవుతుందా అని కాచుకునేవాళ్ళు రెండో కొస పట్టుకోవాలి. గేటు నుంచి కుర్చీదాకా ఎవరినీ వదలొద్దు."

ఆ పొద్దునే అల్లుడు దారం ఉండ పట్టుకుని కార్ఖానాకి వెళ్ళాడు. మామయ్య కూర్చునే ముందు గదిలో మొదలుపెట్టి షెడ్డు చివరిదాకా కట్టుకుంటూ పోయాడు.

"ఏంటి అల్లుడుగారూ, మమ్మల్ని గాలిపటాలు చేస్తున్నారా?" అన్నాడు వడ్రంగి.

"ఎగరేస్తే బాగానే ఉంటుంది," అన్నాడు కోతమిషన్ మనిషి. "తెంపేస్తేనే ఏ ముళ్ళకంపలో పడతామో!"

అందరూ నవ్వారు. ఆ నవ్వు గొంతు దాటి కిందికి దిగలేదు. సంగతి అప్పటికే అందరి చెవినా పడింది.

పాలిష్ తాత నవ్వనేలేదు. కార్ఖానా తలుపు మొదటిసారి తెరిచిన రోజు మామయ్య పక్కనున్నది ఆయనొక్కడే. మరకలు పడ్డ చెయ్యి చాపాడు.

"వదులుగా కట్టు నాయనా. మళ్ళీ విప్పేదేగా."

అల్లుడు తలెత్తకుండా ముడి వేశాడు.

కొసలు చేతులు మారాయి. కోతమిషన్ మనిషి చెయ్యి కదిపితే వడ్రంగి చెయ్యి లాగింది. వడ్రంగి తల గోక్కుంటే ఇంకెవరో తూలారు. వ్యాను డ్రైవరు గుప్పిట నిండా కొసలే. "నన్ను పశువుని కట్టినట్టు కట్టారు గదరా!" అని మొత్తుకున్నాడు.

ఒక్క కొస మాత్రం గడప పక్కన రంపప్పొట్టులో పడి ఉంది. ఎవరూ పట్టుకోలేదు. అల్లుడు దాని వెంట కళ్ళతోనే నడిచి, ఎవరి చేతిదో చూశాడు. నమ్మకం కుదరక ఒక్కొక్కరినీ మళ్ళీ అడిగాడు.

"నువ్వింకా ఎవరి కోసమైనా కాచుకుంటావా?"

తలలు అడ్డంగా ఊగాయి.

"సరే. తెంపుకుని పనుల్లోకి పొండి."

పాలిష్ తాత కదల్లేదు. "నాదేనా నాయనా?"

"బీరువాకి రెండో పూత పడాలి తాతా. కానియ్యి."

"వేస్తా. వెయ్యకేం. చివరిదైనా మెరవాలిగా."

ఆ తర్వాత అల్లుడు కుదురుగా ఒక్కచోట నిలబడలేదు. కొలిచిన చెక్కనే మళ్ళీ కొలిచాడు. మూసిన తలుపునే మళ్ళీ మూశాడు.

సాయంత్రం వంటింట్లో భార్య చెవిలో చెప్పాడు. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

"సరిగ్గా చూశారా?"

"మళ్ళీ మళ్ళీ చూశాను."

"తెల్లారి లేచి అక్కడికి పోవడం తప్ప ఇంకోటి తెలీదండీ ఆయనకి. సెలవైనా, జ్వరమైనా. ఇంట్లో కూర్చోబెడితే మంచాన పడిపోడూ?"

"ఆయన్ని ఉంచితే ఇంకొకర్ని తెంపాలి. మిగతా ఏ దారం తెంపినా పని ఆగిపోతుంది. కార్ఖానాయే మంచాన పడుతుంది."

ఆమె పొయ్యి వైపు తిరిగింది. "అయితే మీరే చెప్పండి. నాకు నోరు రాదు."

కంచాలు పెట్టారు. మామయ్య వచ్చి కూర్చున్నాడు.

"తేలిందా అల్లుడూ?"

"తేలింది మామయ్యా."

"ముసలాడేనా?"

అల్లుడు మంచినీళ్ళ గ్లాసు అటు జరిపాడు, ఇటు జరిపాడు. "భోంచేశాక చెప్తాను."

"చెప్పక్కర్లేదు, నాకు తెలుసు. మొదటి రోజు నుంచీ ఉన్నాడని జాలిపడకు. నువ్వు చెప్పలేకపోతే నేనే చెప్పేస్తా. నాకేం మొహమాటం?"

కూతురు వడ్డించింది. ఎవరూ ఇది కావాలనలేదు, ఇది వద్దనలేదు. బయట పొద్దుట్నుంచీ బిగబట్టుకున్న ఆకాశం చినుకులు రాల్చడం మొదలుపెట్టింది.

మామయ్య కుడిచేత్తో ముద్ద కలుపుతున్నాడు. ఎడమ మణికట్టుకి పొద్దున కట్టిన దారం అలాగే ఉంది, ఎవరూ పట్టుకోని, రంపప్పొట్టు అంటిన దాని రెండో కొసని ఆయనే తన గుప్పిట్లో పట్టుకున్నాడు.