నొక్కు పూస

నవంబరు పందొమ్మిది, ఆదివారం. మధ్యాహ్నం ఇద్దరూ రొట్టె, ఉడికించిన గుడ్లు తిన్నారు. గుడ్డు పెంకుల్ని ఎడమచేత్తో ఒక పక్కకి నెట్టి, అన్నయ్య తనకో వార్నిష్ సీసా తెచ్చిపెట్టమని చెల్లెలిని అడిగాడు.

"ఇప్పుడదెందుకు?" అంది ఆమె, కాస్త తొందరగా.

"రంగు నిలవద్దూ? పైన పూత లేకపోతే రెండు మునకలకే పూస బోడిదైపోతుంది. బోడితల చూసి వలచి రావడానికి చేపలేమైనా నువ్వా?"

పోయిన ఆమె భర్త బట్టతల మీద ఆ ఇంట్లో ఎప్పుడూ నడిచే హాస్యమే అది. ఆమె నవ్వింది గాని, నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

అన్నయ్యది చేపల ఎరలు కట్టే పని. గాలానికి చిన్న లోహపు పూస ఎక్కించి, దాని వెనక ఈకా దారమూ చుట్టి, నీళ్ళలో అచ్చం పురుగులా కనిపించేట్టు చేసేవాడు. పక్షవాతం కుడిచేతిని తీసుకుపోయాక కట్టడం పోయింది, పూసలకి రంగు వెయ్యడం మిగిలింది. పూసని పుల్లకి గుచ్చి, స్పిరిట్‌తో జిడ్డు తుడిచి, బల్లకి అతికించిన, రంగు సిరాలో తడిపిన గుడ్డ మీద ఎడమచేత్తో మెల్లగా దొర్లిస్తాడు. రోజుకి నూట ఇరవై. రంగు వేసిన పూసల్ని ఆమె పొద్దున్నే దుకాణంలో ఇచ్చి, కొత్త డబ్బా తెస్తుంది.

దుకాణం మూతపడి నాలుగు నెలలైందని అన్నయ్యకి తెలియదు. మూసేసిన రోజు యజమాని చేతిలో పెట్టిన ఆఖరి డబ్బా ఒక్కటే ఆమె దగ్గరుంది. రోజూ ఆయన పడుకున్నాక సింకు దగ్గర నిలబడి, ఆ నూట ఇరవై పూసల్నీ స్పిరిట్‌లో వేసి రంగు కడిగేస్తుంది. పొద్దున్నే సంచిలో వేసుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చి, అవే పూసల్ని కొత్త డబ్బా అని ముందు పెడుతుంది. పక్షవాతం వచ్చిన కొత్తలో ఆయన గోడవైపు తిరిగి పడుకుని, తిండి మానేసి, ఎముకలగూడైన రోజులు ఆమె మరిచిపోలేదు. పూసలు వచ్చాకే లేచి కూర్చున్నాడు.

వార్నిష్ పడితే ఆ రంగు ఇక స్పిరిట్‌కి లొంగదు.

పూత దుకాణంవాళ్ళే వేసుకుంటారట అని చెప్పింది. ఆయన ఊరుకోలేదు. ఇదివరకు పూసలతోపాటు రంగు వెయ్యడానికి ఈకలు కూడా పంపేవారు కదా, ఈమధ్య ఎందుకు పంపడం లేదని అడిగాడు. రంగెక్కిన ఈకని మళ్ళీ తెల్లగా చెయ్యడం ఆమె వల్ల కాలేదు. ఈకల పని మిషన్‌కి ఇచ్చేశారని చెప్పింది.

"ఇంకో మాట కూడా చెప్పు వాళ్ళకి. ప్రతి డబ్బాలోనూ ఒక నొక్కు పూస వస్తోంది. సరిగ్గా కన్నం పక్కనే నొక్కు. ఎప్పుడూ ఒక్కటే."

"అచ్చులోనే లోపమేమో," అంది ఆమె.

"అయ్యుంటుంది." ఆయన ఆమె చేతులకేసి చూశాడు. "నీ వేళ్ళేమిటమ్మా, అలా పగిలిపోయాయి?"

"లాండ్రీలో సబ్బు మార్చారు."

లాండ్రీలో మరకలు తీసే పని ఆమెది.

మర్నాడు ఆయన పూసలు ముట్టలేదు. పూత లేకుండా పంపడం తనకే సిగ్గుగా ఉందన్నాడు. మూడోనాటికి గడ్డం మాసింది. ఆమె కంచం తెచ్చి పెడితే, గోడవైపు తిరిగాడు.

నాలుగోనాడు పొద్దున ఆమె వార్నిష్ సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన సీసాని చూశాడు, తర్వాత ఆమెని చూశాడు.

"నువ్వు తేవనుకున్నాను," అన్నాడు.

ఆ రోజంతా లాండ్రీలో ఎవరిదో కోటు కాలరు రుద్దుతూ, రాత్రికి చెప్పవలసిన మాటలు కూడబలుక్కుంది. దుకాణం లేదన్నయ్యా. నాలుగు నెలలుగా నువ్వు వేసిన రంగంతా నేనే కడిగేశాను. ఎటు తిప్పి చెప్పినా చెంపదెబ్బలాగే ఉంది. సాయంత్రానికి కోటు మరక మాత్రం పోయింది. ఆ రోజుకి అదొక్కటే మంచి.

ఇంటికొచ్చేసరికి అన్నయ్య గడ్డం గీసుకుని ఉన్నాడు. చుబుకం కింద చిన్న గాటు. అడగకుండానే రెండు రొట్టెలు తిన్నాడు. పూసల డబ్బా మూతపెట్టి సిద్ధంగా ఉంది. ఆమె నోరు తెరిచేలోపే లేచాడు.

"పని అయిపోయింది. రేపు కొత్త డబ్బా తేవడం మర్చిపోకు."

కర్ర టకటకమంటూ గదిలోకి వెళ్ళిపోయింది. చెప్పలేకపోయింది ఆమె. పొద్దున చెప్పక తప్పదు, పొద్దున ఈ ఇంట్లో ఏం మిగులుతుందో తెలియదు. అలవాటు కొద్దీ సింకు దగ్గరికెళ్ళి స్పిరిట్ సీసా అందుకుంది. తేలిగ్గా ఉంది. అడుగున రెండు చుక్కలు.

డబ్బా మూత తీసింది.

పూసలన్నీ కడిగి, తుడిచి, ఆరబెట్టి ఉన్నాయి, బోడిగా మెరుస్తున్నాయి. ఒక్కటే ఎర్రగా ఉంది. తీసి బల్బు కింద పట్టుకుంది. కన్నం పక్కన నొక్కు, దాని మీద రంగు, రంగు మీద గట్టిగా ఆరిన వార్నిష్. మిగిలిన రెండు చుక్కలూ గుడ్డకి అద్ది రుద్దింది. రంగు కదల్లేదు.

"వేళ్ళకి కాస్త నూనె రాసుకుని పడుకో," అని గదిలోంచి చెప్పి, అన్నయ్య చప్పుడు కాకుండా తలుపు మూసుకున్నాడు.